మూడో కాన్పుకి ఆవు సరే, ఆవుకి మేతేదీ?

2025 మార్చి 8, మహిళా దినోత్సవం నాడు విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు గారు తన నియోజకవర్గం ఆడపడుచులకి ఒక వరం ప్రకటించారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50,000 రూపాయలు, మగపిల్లాడు పుడితే ఆవు. ఖజానా మీద భారం పడదు, అంతా తన జీతంలోంచే. పార్లమెంటుకి సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళిన మనిషి, మాట తప్పుతారని నేననను. సైకిల్‌కి మేత అక్కర్లేదు గనక ఆవు సంగతిలో ఒక చిన్న వివరం ఆయనకి తట్టినట్టు లేదు, అంతే.

ఈ పిలుపు ఆయన సొంతం కూడా కాదు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు 2024 నుంచీ ఇదే చెబుతున్నారు. పిల్లల్ని కనండి, లేకపోతే రాష్ట్రం ముసలిదైపోతుందని. లెక్క అబద్ధం కాదు. జనాభా తగ్గకుండా నిలబడాలంటే ఒక్కో మహిళకి సగటున 2.1 మంది పిల్లలుండాలి. 1992-93లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 2.6. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 1.7. మరి ఆ దింపుడు కార్యక్రమాన్ని ఉద్యమంలా నడిపిందెవరు? తొంభైల్లో ఇదే ముఖ్యమంత్రి, ఇదే యంత్రాంగం. గోడల మీద ఎర్ర త్రికోణాలు, ఏఎన్ఎమ్‌లకి టార్గెట్లు, ఇద్దరు ముద్దు ఆపై వద్దు. 1994 పంచాయతీరాజ్ చట్టమైతే ఇద్దరికి మించి కన్నవాళ్ళు సర్పంచి పదవికి పనికిరారంది. మూడో బిడ్డ పుట్టిన నేరానికి నామినేషన్ చెల్లనివాళ్ళు ఎన్ని పంచాయతీల్లో లేరు! ఆ నిబంధనని 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. నిన్న పదవి పోగొట్టిన బిడ్డ ఇవాళ ఆవుని తోలుకొస్తున్నాడు. పుట్టుక ముహూర్తాన్ని బట్టి ఉంటుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

పథకానికి అర్హులెవరో చూద్దాం. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వివాహిత మహిళల్లో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. మగవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. అది వేరే సిగ్గు, దాని గురించి మహిళా దినోత్సవం నాడు ఎవరూ మాట్లాడరు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకే ఇద్దరు పిల్లల తల్లిని బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళి, ట్యూబులు కట్టించి, ఇంటిదగ్గర దింపిన ప్రభుత్వం ఇప్పుడు గుమ్మంలో నిలబడి, “ఏటమ్మా, మూడోది కనలేదేటి?” అంటోంది. ఆవు ఇచ్చేముందు ఆ ముడులు విప్పే ఖర్చు ఎవరి జీతంలోంచో తేల్చాలి.

సరే, ముడులన్నీ విప్పారనుకుందాం. నెలలు నిండాయి, మగబిడ్డ కేరుమన్నాడు. ఇంటిముందుకి ఆవు వచ్చింది, మెళ్ళో దండ, పక్కన నాయకులు, ఫొటోలు. ఫొటోలు అయిపోయాక ఆవుకి ఆకలేసింది.

పొద్దున్నే పొలం గట్టుకి తోలుకెళ్తారు. గట్టు మీద గడ్డి ఉండేది ఒకప్పుడు. ఇప్పుడు కలుపుమందు కొడుతున్నారు, గట్టు బూడిదరంగులో మాడిపోయి ఉంది. కూలికి మనిషి దొరకనప్పుడు రైతు మందుకొట్టక ఏం చేస్తాడు? వరిగడ్డి పెడదామంటే కోతలు మిషన్ చేతికి వెళ్ళిపోయాయి. మిషన్ వెనకాల గడ్డి నలిగి, చిందరవందరై, మళ్ళలోనే పడి ఉంటుంది. దాన్ని పోగుచేసి ఇంటికి చేర్చాలంటే మళ్ళీ కూలి, మళ్ళీ ట్రాక్టరు. ఇంటిపక్క గడ్డికుప్ప ఉన్న ఇల్లు ఊళ్ళో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

గరువులోకి తోలదామా? అక్కడ చోళ్ళూ గంటెలూ వేసిన రోజుల్లో పశువుకి చొప్ప మిగిలేది. ఆ తరవాత గోగు వచ్చింది, జనపనార మిల్లుల దశ బాగున్నన్నాళ్ళు నడిచింది. ఇప్పుడు కనుచూపుమేర సరుగుడూ నీలగిరీ. నీలగిరి ఆకుని మేక కూడా ముట్టదు, ఆవెందుకు ముడుతుంది? ఆ కర్రంతా లారీలకెక్కి రాయగడ కాగితం మిల్లుకి పోతుంది. జనాభా పెంచాలా తగ్గించాలా అని కమిటీలు రాసే నివేదికలకి కాగితం కావాలి గదా, ఆ లోటు మన మెట్ట భూములు రానివ్వవు.

భోగాపురం వైపు తోలితే తెల్లరాళ్ళు. విమానాశ్రయం పేరు చెప్పి మైళ్ళకొద్దీ పొలాలు లేఅవుట్లయ్యాయి. మూడో బిడ్డ ఇంకా పుట్టలేదు, వాడి మనవడికి సరిపడా ఇళ్ళస్థలాలు మాత్రం పుట్టేశాయి. ఆ రాళ్ళ మధ్య మొలిచిన పిచ్చిగడ్డే ప్రస్తుతం ఆ చుట్టుపక్కల పశువులకున్న గడ్డిభూమి. వాచ్‌మన్ తరమకపోతే.

నిజమైన పచ్చిక కావాలంటే శ్రీకాకుళం జిల్లా సోంపేటకి తీసుకెళ్ళాలి. అక్కడి బీల చిత్తడి నేల. వరీ, చేపలూ, పశువులకి మేతా, ఎండాకాలంలో కూడా తడి. దాన్ని కాగితాల మీద బంజరని రాసి థర్మల్ ప్లాంటుకి కేటాయించారు. వద్దని జనం ఎదురు తిరిగారు. 2010 జులై 14న కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ళ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది కూడా ఆ రోజే. మర్నాటిదాకా ఆగితే ఆ ఇద్దరూ బతికుండేవారు. ఆర్నెల్లు దాటి కాస్త గడిచిందో లేదో, 2011 ఫిబ్రవరిలో అలాంటి చిత్తడి నేలే అయిన కాకరాపల్లి తంపర దగ్గర మళ్ళీ థర్మల్ ప్లాంటు, మళ్ళీ కాల్పులు, మళ్ళీ శవాలు. ఆవు మేసే నేలని కాపాడుకున్న జనం మీద తుపాకీ పేల్చిన చరిత్ర ఉన్న సీమలో ఆవుని బహుమతిగా ఇవ్వడానికి నిజంగా ధైర్యం కావాలి.

ఇంకో చిక్కుంది. మగబిడ్డకి ఆవు ఇచ్చారు బాగానే ఉంది, ఆ ఆవుకి మగదూడ పుడితే? నాగలి పోయింది, ఎడ్లబండి పోయింది, దుక్కి ట్రాక్టరుది. కోడెదూడ నేరుగా అలమండ సంతకో రామభద్రపురం సంతకో పోతుంది, అక్కణ్ణించి ఎటు పోతుందో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. మనిషికి మగపిల్లాడు పుడితే పండగ, ఆవుకి పుడితే అమ్మకం. పథకం రెండో దశలో పెయ్యదూడ పుట్టిన ఆవులకి కూడా ఏదైనా ప్రోత్సాహకం ప్రకటిస్తే బాగుంటుంది.

ఈ మాట అనగానే ప్రకృతి వ్యవసాయం వాళ్ళు లేచి, ఒక్క నాటు ఆవు ముప్పై ఎకరాలకి ఎరువిస్తుందని సుభాష్ పాలేకర్ గారి లెక్క చెబుతారు. 2025 ఖరీఫ్‌లో యూరియా బస్తా కోసం వరసల్లో నిలబడ్డ రైతుకి ఆ మాట వినసొంపుగానే ఉంటుంది. ముప్పై ఎకరాలే లేవు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం రాష్ట్రంలో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే రెండెకరాల ముప్పై సెంట్లు. ఇద్దరు పంచుకుంటే తలా ఎకరా పైచిలుకు. మూడోవాడు పుడితే తలా ముప్పావు ఎకరం. ఆ చెక్కలో సన్నాలు పండిస్తాడా, ఆవుని కట్టేస్తాడా, ఇల్లు కట్టుకుంటాడా? ఏదో ఒకటే కుదురుతుంది.

అందుకే రైలెక్కుతాడు. వంశధార, నాగావళి, చంపావతి ఉన్న జిల్లాల్లో పుట్టిన కుర్రాడు నీళ్ళున్న ఊరు వదిలి, నీళ్ళు కొనుక్కునే చెన్నైకి పోతాడు. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, శవపేటికల్లో ఎన్ని మన ఊళ్ళకే వచ్చాయో గుర్తుందా? శ్రీకాకుళానిది రాష్ట్రంలోకెల్లా పొడవైన తీరం. అయినా అక్కడి గంగపుత్రుడు చేపలు పట్టడానికి గుజరాత్ వెరావల్ పోవాలి. అలా పోయినవాళ్ళే 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిదాకా కరాచీ జైల్లో ఉన్నారు. ఆ కథ మీద సినిమా వచ్చింది, బాగా ఆడింది. వాళ్ళ ఊళ్ళల్లో జెట్టీల మాట మాత్రం ఇంకా ఆడుతూనే ఉంది.

చదువుకున్నవాడు వెళ్ళకుండా ఉండటానికి ఇక్కడేమైనా ఉందా అంటే, జనపనార మిల్లులు తెరిచిన రోజులకన్నా లాకౌటు రోజులు ఎక్కువ, భీమసింగి చక్కెర ఫ్యాక్టరీలో గానుగ ఆగిపోయింది. 2001-2011 మధ్య దేశ జనాభా నూటికి పదిహేడు పైన పెరిగితే, శ్రీకాకుళం ఆరు, విజయనగరం నాలుగు దగ్గరే ఆగాయి. వెయ్యిమంది మగవాళ్ళకి ఆడవాళ్ళు శ్రీకాకుళంలో 1,015, విజయనగరంలో 1,019. ఇది ఆడపిల్లల్ని గౌరవించడం వల్ల వచ్చిన ఘనత అని ఉపన్యాసాల్లో చెబుతుంటారు. ఊళ్ళోకొచ్చి చూస్తే మగవాళ్ళు ఊళ్ళో లేరని తెలుస్తుంది. ఊరు ముసలిదైంది నిజమే. పిల్లలు పుట్టక కొంత, పుట్టినవాళ్ళు నిలవక చాలా.

ఇక రెండో జట్టు సంగతి. వీళ్ళు ఎంపీగారి ప్రకటన విని నవ్వినవాళ్ళు, విశాఖ గేటెడ్ కమ్యూనిటీల్లో ఉంటారు, పొద్దున వాకింగ్‌లో పర్యావరణం గురించి బాధపడతారు. “జనం పెరిగిపోయారండీ, అందుకే చెరువులు పోయాయి, అడవులు పోయాయి. పోడుకొట్టే సవరలకి ఐదేసి మంది పిల్లలు.” నవ్వు వాళ్ళది, లెక్క తప్పూ వాళ్ళదే. పదేళ్ళకి నూటికి నలుగురు పెరిగిన జిల్లాలో చెరువుల్ని మింగింది పసిపిల్లలా? సోంపేటలో పెట్టబోయిన 2,640 మెగావాట్లు సోంపేట తల్లుల ఉయ్యాలలకి ఫ్యాన్లు తిప్పడానికా? ఒక అమెరికా పౌరుడు ఏడాదికి గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు 14 టన్నులు, మనవాడిది సుమారు రెండు. సవర తల్లి ఐదుగురిని కన్నా, ఈ వాకింగ్ పెద్దమనిషి డాలస్‌లో ఉన్న ఒక్కగానొక్క మనవడితో తూగలేదు. ఆ మనవడి పుట్టినరోజుకి ఈయనేటా విమానంలో వెళ్ళొస్తారు, వచ్చి జనాభా గురించి దిగులు పడతారు.

ఒకరు కనమంటారు, ఒకరు వద్దంటారు. రెండు జట్లూ చూసేది మాత్రం పాలకొండ తల్లి కడుపు వైపే. కంపెనీ లారీ వైపు, లేఅవుటు రాయి వైపు, బీల మీద రాసిన జీవో వైపు తల తిప్పరు.

అసలు ఈ హడావుడంతా లోక్‌సభ సీట్ల కోసమని అందరికీ తెలుసు. జనం తగ్గితే పునర్విభజనలో దక్షిణాది సీట్లు తగ్గుతాయని భయం. 2024 అక్టోబరులో అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ గారు ఒక పెళ్ళి వేడుకలో, పదహారు మంది పిల్లల్ని కనమనాలేమో అని కూడా అన్నారు. ఆయన అంత శ్రమపడక్కర్లేదు. జనగణన మనిషిని ఉంటున్న చోట లెక్కపెడుతుంది గాని పుట్టినచోట కాదు. చీపురుపల్లిలో మన ఎంపీగారి జీతంతో, మన తల్లి పురిటినొప్పులతో, మన చెరువు నీళ్ళతో పెరిగిన మూడోవాడు ఇరవయ్యో ఏట తాపీ పట్టుకుని చెన్నై చేరి, అక్కడి జనాభాలో ఒకడవుతాడు. వాడి తల లెక్కకొచ్చే సీటు తమిళనాడుది.