గొట్టం గోడు

జనం నన్ను గొట్టం అంటారు. "గొట్టాలు పట్టుకుని వచ్చేశారు" అని విసుక్కోవడం రోజూ వింటూనే ఉంటాను. నల్లటి ఒళ్లు, నెత్తిన జాలీ, దాని మీద స్పాంజి టోపీ, మెడలో ఛానల్ లోగో. నాకన్నా లోగోకే గౌరవం ఎక్కువ. ఫ్రేములో మాట్లాడే మనిషి గడ్డం తెగినా కెమెరామన్‌ని ఎవరూ ఏమీ అనరు. లోగో తెగితే ఆఫీసు నుంచి ఫోనొస్తుంది.

సినిమా బీటు నాది. ఫిలిం ఛాంబర్, అన్నపూర్ణ స్టూడియో, పద్మాలయ, రామానాయుడు స్టూడియోకి ఎక్కే గుట్ట దారి, మధ్యలో కృష్ణానగర్ టీ కొట్లు. ప్రీ రిలీజులూ సక్సెస్ మీట్లూ ఎన్నో చూశాను గానీ ఒక్కటీ ఒంటికి పట్టలేదు. గుర్తున్నవన్నీ చావులే.

పనిలో చేరిన కొత్తల్లోనే, 2013 అక్టోబరు 19న, అక్కినేని నాగేశ్వరరావు గారి ప్రెస్‌మీట్. తనకు క్యాన్సర్ వచ్చిందని ఆయనే చెప్పారు. తొణకలేదు, బెణకలేదు. మామూలుగా అలాంటి కబుర్లు ఆసుపత్రి గేటు దగ్గర 'విశ్వసనీయ వర్గాల' నోట వినే జాతి మాది. ఆ తర్వాత 'మనం' సినిమా డబ్బింగు మిగిలింది. ఆయన స్టూడియోకి రాలేని స్థితి, మైకే ఇంటికి వెళ్లింది. తన పాత్ర మాటలు ఇంకొకరు అనుకరించకుండా తనే చెప్పుకున్నారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. అంత్యక్రియలు అన్నపూర్ణ ఆవరణలోనే జరిగాయి. సినిమా మే 23న వచ్చింది. ఆ డబ్బింగు మైకంటే నాకు ఇప్పటికీ అసూయే.

ఎందుకంటే నా వంతుకొచ్చేది ఆ తర్వాతి తంతు. తెల్లవారుజామున రిపోర్టరుకు ఫోను. మొదట ఇంటి గేటు, తర్వాత చాలాసార్లు ఫిలిం ఛాంబర్, ఆఖర్న మహాప్రస్థానం శ్మశానం. కారు దిగిన ప్రతి పెద్దమనిషి నోటి ముందూ నన్ను పెడతారు. "సార్, ఆయనతో మీ అనుబంధం ఒక్క మాటలో!" ముప్ఫై ఏళ్ల స్నేహాన్ని ఒక్క మాటలో ఎవరు చెప్పగలరు? అందుకని "తీరని లోటు" అంటారు. "పరిశ్రమ పెద్దదిక్కును కోల్పోయింది" అంటారు. ఇప్పటిదాకా ఎంతమందిని పెద్దదిక్కు అన్నారో లెక్కేస్తే ఉన్న దిక్కులు చాలవు. వాళ్లననడం దేనికి, ప్రశ్నకు తగ్గ జవాబే కదా.

2020 సెప్టెంబరు 25న చెన్నైలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పోయిన రోజు నన్నెవరూ దగ్గరికి రానివ్వలేదు. కరోనా కాలం. నన్ను పొడుగాటి కర్రకు కట్టి, ఒంటికి ప్లాస్టిక్ కవరు తొడిగారు. చాలామంది ఇంట్లోనే సెల్‌ఫోనులో మాట్లాడి పంపేశారు. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో తనను పాటగాణ్ణి చేసిన ఎస్పీ కోదండపాణి పేరే బాలు తన రికార్డింగ్ థియేటరుకు పెట్టుకున్నారు. పోయిన మనిషిని తలుచుకోవడమంటే అదీ! ఆ రోజు చర్చల్లో మాత్రం ఆ ముక్క నాకు వినబడలేదు.

2021 డిసెంబరు 1. ఫిలిం ఛాంబర్‌లో సిరివెన్నెల సీతారామశాస్త్రి గారి భౌతికకాయం. తాడు కట్టిన చోట ఓ పెద్దాయన నిలబడి ఉన్నాడు. ట్రాక్ పాటలు పాడేవాడట. మా రిపోర్టరు ఖాళీగా ఉండి నన్ను ఆయన ముందు పెట్టాడు. "ఆయన రాత్రిళ్లు రాసేవారు బాబూ. ఒకసారేమైందంటే..." అన్నాడు. అంతలో ఎవరో హీరో కారు ఆగింది. నన్ను లాక్కుని పరిగెత్తారు. ఒకసారి ఏమైందో నాకు తెలియదు. హీరోగారు తీరని లోటు అన్నారు. శాస్త్రిగారు రాసిన పాటలతో 'శ్యామ్ సింగరాయ్' అదే నెల 24న విడుదలైంది. ఆ పెద్దాయన్ని వెతుక్కుంటూ మావాళ్లెవరూ వెళ్లలేదు.

మరుసటి ఏడు నవంబరులో హీరో కృష్ణగారు పోయారు. పద్మాలయ స్టూడియో దగ్గర తోపులాటలో నా లోగో ఊడిపోయింది. లోగో లేని మైకు పెద్దవాళ్ల ముందుకు పనికిరాదు గనక క్యూలో ఉన్న అభిమానుల ముందు పెట్టారు. నా అదృష్టం! కృష్ణగారి సొంతూరు బుర్రిపాలెం వైపు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినాయన 1974లో 'అల్లూరి సీతారామరాజు' చూసిన సంగతి చెప్పాడు. తెలుగులో తొలి సినిమాస్కోప్ అది. అంత వెడల్పు తెర మీద ఎటు చూడాలో తెలియక ముందు బెంచీ వాళ్లు మెడలు తిప్పలేక చచ్చారట. చెబుతూ నవ్వాడు, వెంటనే ఏడ్చాడు. ఆ బైటు అర్ధరాత్రి బులెటిన్‌లో ఒక్కసారి వేసి వదిలేశారు.

2023 ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్ గారు వెళ్లిపోయారు. 1980లో 'శంకరాభరణం' విడుదలైన తేదీ కూడా అదే, ఆ విశేషం అన్ని ఛానళ్లూ చెప్పాయి. కళాతపస్వి అని అందరూ అన్నారు. ఆయన మద్రాసు వాహినిలో శబ్ద విభాగంలో పని మొదలుపెట్టిన మనిషి. అంటే మావాడు. ఆ సంగతి ఎత్తినవారు నాకు తగల్లేదు. పాట ఎక్కడ ఆపి నిశ్శబ్దం వదలాలో ఆయనకు తెలియడానికి అదే మూలమని నా గట్టి నమ్మకం.

2025 జులై 13న కోట శ్రీనివాసరావు గారు పోయినప్పుడు ఫిలింనగర్‌లో ఆయన ఇంటి గేటు ముందు కూడా ఒక్క మాటలోనే చెప్పమని అడిగారు.

ఇక నాకు చెప్పాలనున్నది ఒక్కటే. 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ' మన తొలి మూకీ అంటాం, చూద్దామంటే ప్రింటు లేదు. ప్రింట్లున్న సినిమాల వెనక మనుషులైనా మిగలాలి కదా. మూవియోలా మీద ఫిలిం అతికించిన ఎడిటర్లు, కోరస్ పాడినవాళ్లు, మేకప్ పెట్టెలు మోసినవాళ్లు కృష్ణానగర్, యూసఫ్‌గూడ సందుల్లో ఇంకా ఉన్నారు. రిపోర్టరు బాబులూ, వాళ్లు పోయిన కబురు వచ్చేదాకా ఆగకండి. ఈ ఆదివారమే వెళ్లండి. నాకు రెండు పెన్సిల్ సెల్లులు వేయండి, ఒక్క మాటలో అని మాత్రం అడగకండి.