అనంతపురంలో ఎవరికీ చుట్టం కాకుండా బతకడం ఎలా?

కోస్తా నుంచి అనంతపురానికి బదిలీ అయినవాళ్ళూ, కియా ఫ్యాక్టరీ పని మీద కొరియా నుంచి పెనుకొండకు వచ్చినవాళ్ళూ మొదట్లోనే ఒక తప్పు చేస్తారు: ఎవరో పిలిచారని భోజనానికి వెళ్తారు. ఆ తర్వాత ఉగాదికీ పిలుస్తారు, పీర్ల పండగకూ పిలుస్తారు, ఇక తప్పించుకోలేరు. అందుకే ఈ చిట్కాలు.

1. నీళ్ళ దగ్గరే తేల్చేయండి. గడప తొక్కగానే చెంబుతో నీళ్ళిస్తారు. ఏడాదంతా కలిపినా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల ఇది. ఆ బిందె ఎంత దూరం నుంచి వచ్చిందో మీకనవసరం. సంచిలోంచి సీలు తీయని సీసా తీసి, ఇంటామె చూస్తుండగా మూత తిప్పండి. ఆమె ముఖం మారిందా, మీ పని సగం అయినట్టే.

2. వంటకు వంక పెట్టండి. ఉగ్గాని పెడితే, "మా వైపు దీన్ని మరమరాల ఉప్మా అంటాం, అదైతే బాగుంటుంది" అనండి. రాగిముద్దను బాగా నమిలి పళ్ళకు అంటుకుందని నొచ్చుకోండి. పక్కనున్న పిల్లోడు "నమలగూడదు సార్, మింగల్ల" అంటే వాడికి జీర్ణక్రియ పాఠం చెప్పండి. ఊరుబిండి కారమని చక్కెర అడగండి.

3. పొదుపు నేర్పండి. చెనక్కాయ ఊడలు నేలలోకి దిగే రోజుల్లో వాన మొహం చాటేస్తే, పైన ఆకు పచ్చగానే ఉంటుంది, చెట్టు పెరికితే కింద కాయ ఉండదు. అట్లాంటి ఏడు కూడా ఉగాదికి బాకీ చేసైనా ఓళిగలు చేస్తారు, "ఇంగో రవ్వంత నెయ్యి ఏసుకో సార్" అంటారు. "కరువులో ఇంత ఖర్చెందుకండీ?" అని తప్పకుండా అడగండి. కానీ మూడో ఓళిగ అయ్యాకే. మొదటిదానికే అడిగితే తక్కినవి రావు.

4. గూగూడులో జనాభా లెక్కలు తీయండి. నార్పల మండలంలోని ఈ ఊళ్ళో మొహర్రం అంటే కుళ్లాయిస్వామి ఉత్సవం. పీర్లు లేస్తాయి, భక్తులు నిప్పుల గుండం తొక్కుతారు, చక్కెర చదివించుకుంటారు. వచ్చినవాళ్ళు పక్కనే ఆంజనేయుడికీ మొక్కుతారు. మీరు కాగితం మీద రెండు గడులు గీయండి: ఇటు హిందువులు, అటు ముస్లింలు. కుళ్లాయప్ప అన్న పేరు ఏ గడిలో వేయాలో తోచకపోతే ఆ మనిషినే నిలదీయండి. ఎవరైనా చేతిలో చక్కెర పోస్తే అది ఏ మతం చక్కెరో తేలేదాకా నోట్లో వేసుకోకండి. ఈ ఉత్సవం మీద రచయిత అఫ్సర్ ఏకంగా ఒక పుస్తకమే రాశారు, 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. మీకు అంత తీరికెక్కడిది? ఒక మధ్యాహ్నం చాలు.

5. బాకీ ఉంచుకోకండి. వెళ్ళొస్తానంటే ఊరికే పంపరు, చెనక్కాయల సంచి ఒకటి చేతికిస్తారు. బజారులో ధర కనుక్కుని అంత డబ్బూ అక్కడే ఇచ్చేయండి, ముద్దకూ పప్పుకూ కలిపి. ఆ నోటుతో వాళ్ళ ఇల్లు హోటలైపోతుంది, రేపు మీ ఇంటికి వచ్చి ధీమాగా కూర్చునే హక్కూ వాళ్ళకు పోతుంది. అయినా వస్తే, "భోంచేసే వచ్చుంటారు కదా" అని ఎదురు వెళ్ళండి.

6. చివరిగా ఒక హెచ్చరిక. ఈ చిట్కాలు పాటించనివాళ్ళు ఏమయ్యారో చూడండి. థామస్ మన్రో 1800లో దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. దొరలాగా ఉండక ఊరూరా గుడారం వేసుకుని రైతుల మాట విన్నాడు. తర్వాత ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. స్పెయిన్‌వాడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పెట్టాడు. 2009లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు, సమాధి కూడా బత్తలపల్లిలోనే. రెండేళ్ళలో సొంతూరికి బదిలీ చేయించుకోవాలనుకునేవాళ్ళు ఇంతకన్నా భయపడాల్సింది లేదు. కాబట్టి ఎవరైనా "రాప్పా, అన్నం తిందాం" అంటే అరక్షణం కూడా ఆలోచించకండి. ఆకలి లేదని చెప్పేయండి, కడుపు మాడుతున్నా సరే.