మూడు షిఫ్టుల ఇంజనీరు బాబు

జంషెడ్‌పూర్‌లో తెలిసినవాడు ఎదురైతే తిన్నావా అని అడగరు, షిఫ్ట్ ఏమిటని అడుగుతారు. పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా ఏ షిఫ్ట్, రెండు నుంచి రాత్రి పది దాకా బీ, పది నుంచి తెల్లారి ఆరు దాకా సీ. ఊళ్ళో నిద్రలూ వంటలూ పెళ్ళిచూపులూ అన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. మా కద్మాలో మూడు షిఫ్టులూ ఒక్కడే చేసే మనిషున్నాడు. ఉక్కు కంపెనీ రోల్సులో అతని పేరు లేదు, జీతం లేదు, వారానికో సెలవు కూడా లేదు. అతనే మా ఇంజనీరు బాబు. బీటెక్ ఈసీఈ పాసయ్యాడు, ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. ఎప్పట్నుంచి అని అడగడం మర్యాద కాదు.

ఇలాంటి బాబు శాస్త్రినగర్‌లో ఒకడు, భాటియా బస్తీలో ఒకడు, ఉలియాన్ వైపు ఇంకొకడు ఉంటాడు. నేను చెప్పేది వాళ్ళందర్నీ కలిపి. కాబట్టి ఇది మావాడి గురించేనని ఏ తల్లీ నా మీదికి రానక్కర్లేదు. వస్తే మాత్రం టీ ఇస్తాను.

తాత శ్రీకాకుళం జిల్లా నుంచి చుట్టం వెనకాల చుట్టంగా వచ్చి కొలిమి దగ్గర పనిలో చేరాడు. నాన్న కంపెనీలోనే రిటైరయ్యాడు. ఈ ఊళ్ళో మెటలర్జీ చదివినవాడికి, మెకానికల్ చదివినవాడికి ఎక్కడికెళ్ళాలో దారి తెలుసు. ఈసీఈ ఎందుకు తీసుకున్నావురా అంటే దానికో కారణం ఉంది. ఇంటర్ అయ్యాక వైజాగ్ బాబాయి ఫోన్ చేసి, "ఈసీఈ అయితే అటు సాఫ్ట్‌వేర్‌కీ వెళ్ళొచ్చు, ఇటు కోర్‌కీ వెళ్ళొచ్చు" అన్నాడు. బాబు అటూ వెళ్ళలేదు, ఇటూ వెళ్ళలేదు. బాబాయి మాట మాత్రం అబద్ధం కాలేదు. ఇప్పటికీ ఎటైనా వెళ్ళొచ్చు.

బాబు దినచర్య టైంటేబుల్‌తో మొదలవుతుంది. చాలాసార్లు దాంతోనే ముగుస్తుంది. చార్టు మీద నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో గీస్తాడు. పచ్చ నెట్‌వర్క్స్‌కి, నీలం సిగ్నల్స్‌కి, ఎరుపు ఎలక్ట్రోమాగ్నెటిక్స్‌కి. నాలుగో రంగు "బ్యాక్‌లాగ్" అనే గడికి. వారం తిరిగేసరికి చార్టు అంతా నాలుగో రంగే. అప్పుడు కొత్త చార్టు కొంటాడు. కద్మా బజార్లో స్టేషనరీ కొట్టతను ఇతన్ని స్కూలు మాస్టారు అనుకుని చాలాకాలం పది శాతం తగ్గించి ఇచ్చాడు.

ఏ షిఫ్టులో మ్యాథ్స్, ఎందుకంటే వంద మార్కుల్లో పదమూడు దానివి. బీ షిఫ్టులో మాక్ టెస్టు. సీ షిఫ్టులో ఎలక్ట్రోమాగ్నెటిక్స్, ఎందుకంటే మాక్స్‌వెల్ సమీకరణాలకి నిశ్శబ్దం కావాలట. రాత్రి పన్నెండింటికి అతని గదిలో లైటు వెలుగుతుంటే అమ్మ "పాపం చదువుకుంటున్నాడు" అని తలుపు చప్పుడు కాకుండా మూస్తుంది. సాదికు రాసిన ఎలక్ట్రోమాగ్నెటిక్స్ పుస్తకం మీద తల పెట్టుకుని పడుకున్నవాడికి ఆ మాత్రం నిశ్శబ్దం ఎవరైనా ఇవ్వాల్సిందే.

పుస్తకాలకి లోటు లేదు. సెడ్రా-స్మిత్, మోరిస్ మానో, ఒగాటా, హేకిన్, స్ట్రీట్‌మన్ వరసగా నిలబడి ఉంటాయి. సిగ్నల్స్‌కి ఒపెన్‌హైమ్ కొన్న రోజున నాన్న వీధంతా చెప్పుకున్నాడు, ఆటంబాంబు చేసినాయన పుస్తకం మావాడు చదువుతున్నాడని. "నాన్నా, ఆయన ఒపెన్‌హైమర్, ఈయన ఒపెన్‌హైమ్" అంటే, "ఒక్క అక్షరం తేడాకి ఇంత రేటేటిరా" అన్నాడు. సెడ్రా-స్మిత్ బరువైన పుస్తకం గనక ప్రతి మే నెలలో ఆవకాయ జాడీ మూత మీదికి వెళ్ళి, వర్షాలు పడ్డాక తిరిగి అల్మరాలోకి వస్తుంది. ఆంప్లిఫయర్ల అధ్యాయం దగ్గర ఇప్పటికీ ఆవపిండి వాసన.

వీటిలో బాబుకి నిజంగా కరతలామలకమైంది నెట్‌వర్క్స్. ఏటా సున్నా నుంచి మొదలుపెడతాడు, మొదట్లో నెట్‌వర్క్సే ఉంటుంది. థెవెనిన్ అనే ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజనీరు తన సిద్ధాంతాన్ని 1883లో ప్రచురించాడు. ఆయనకి సొంత ఊళ్ళో ఎవరైనా తద్దినం పెడుతున్నారో లేదో గానీ, కద్మాలో మాత్రం ఏటా సెప్టెంబరులో తప్పకుండా జరుగుతుంది. ఆ నోట్సు అంచులు నలిగి, కాగితాలు ఊడి, మళ్ళీ స్పైరల్ బైండింగ్ చేయించుకుంది. కమ్యూనికేషన్స్ నోట్సు మాత్రం హైదరాబాదు కోచింగ్ నుంచి జిరాక్సు చేయించి తెచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. డిసెంబరు చలి వచ్చేసరికి అందాకా ఎప్పుడూ చేరలేదు.

హైదరాబాదు సంగతి వచ్చింది గనక ఒక్క మాట. అక్కడ హాస్టల్లో ఒక సీజన్ ఉన్నాడు. సగం సిక్కోలు యాస, సగం టాటానగర్ హిందీ కలిసిన అతని తెలుగు విని తోటివాళ్ళు ఏ దేశం అని అడిగారట. తిరిగొచ్చేటప్పుడు అతని చేతిలో రెండు గోనెసంచుల జిరాక్సులు, కడుపులో ఒక అల్సరూ ఉన్నాయి.

పరీక్ష సంగతి పరీక్ష పెట్టేవాళ్ళకంటే బాబుకే ఎక్కువ తెలుసు. మూడు గంటలు, అరవై అయిదు ప్రశ్నలు, వంద మార్కులు, అందులో పదిహేను ఆప్టిట్యూడ్. ఎమ్‌సీక్యూ తప్పయితే ఒక మార్కుదానికి మూడో వంతు, రెండు మార్కులదానికి మూడింట రెండొంతులు కోత. జవాబు అంకె టైపు చేసే ప్రశ్నకి కోత లేదు. 2021 నుంచి ఎమ్ఎస్‌క్యూ వచ్చింది. అందులో సరైన జవాబులు ఒకటికంటే ఎక్కువ ఉండొచ్చు, అన్నీ గుర్తిస్తేనే మార్కు, ఒకటి వదిలినా సున్నా, కోత మాత్రం లేదు. ఈ నియమాలు ఒంటికి పట్టేశాయి. ఇడ్లీయా ఉప్మావా అని అమ్మ అడిగితే, "నెగెటివ్ మార్కింగ్ ఉందా?" అంటాడు. ఒకసారి సంబంధం వచ్చింది. అమ్మాయి బాగుంది, కట్నం మాటే లేదు, ఉద్యోగం ఉంది. "నచ్చిందేటిరా?" అని మేనత్త అడిగితే, "ఇది ఎమ్ఎస్‌క్యూ అత్తయ్యా, ఒక్క ఆప్షన్ వదిలినా మొత్తం పోతుంది" అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఆ అమ్మాయికి ఇప్పుడు బొకారోలో ఇద్దరు పిల్లలు.

పరీక్షలో సొంత కాలిక్యులేటర్ పనికిరాదు. తెర మీద కనిపించేదాన్నే మౌస్‌తో నొక్కుకోవాలి. అందుకని ఇంట్లో మామూలు కాలిక్యులేటర్ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. కద్మా బజార్లో కూరలు కొనేటప్పుడు ఫోన్ తెర మీద ఆ కాలిక్యులేటరే తెరిచి ఒక వేలితో ఒక్కో అంకె నొక్కుతాడు. మూడో అంకె నొక్కేలోపు కూరలమ్మి మొత్తం లెక్క చెప్పి, చిల్లర ఇచ్చి, పక్కావిడకి వంకాయలు తూచేస్తుంది.

అతని సంవత్సరం మన పండగల పక్కనే నడుస్తుంది. దరఖాస్తులు ఆగస్టు చివర్న మొదలవుతాయి. కద్మాలో గణేశ్ పూజ మేళా వేళ అది. ఊళ్ళోని తెలుగువాళ్ళంతా అక్కడ తేలతారు గనక బాబు చీకటి పడ్డాక, వెలుతురు తక్కువున్న వైపు నుంచి వెళ్తాడు. అయినా ఎవరో ఒక మావయ్య జెయింట్ వీల్ పక్కన పట్టేస్తాడు.

"ఏటి బాబూ, ఇంకా సదువేనా?"

"పరీక్ష ఫిబ్రవరిలో మావయ్యా."

"నిరుడూ ఫిబ్రవరే అన్నావు కదేటి?"

"ఏటా ఫిబ్రవరే మావయ్యా."

"అలాగైతే నీ తప్పేటుంది!" అని మావయ్య శాంతించి ముఢీ, ఘుగ్నీ ఇప్పిస్తాడు.

సంక్రాంతికి దోముహానీ దగ్గర టూసూ మేళా. జనమంతా నదికి వెళ్తే బాబు రివిజన్ అని ఇంట్లో ఉండి, అరిసెల డబ్బా పక్కన పెట్టుకుని హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేస్తాడు. కేంద్రం ఎంచుకోవడం కూడా ఒక తంతే. జంషెడ్‌పూరూ, శ్రీకాకుళమూ, విశాఖపట్నమూ ఖరగ్‌పూర్ ఐఐటీ మండలం కిందికే వస్తుంటాయి. ఇక్కడ రాస్తే ఇంటి టెన్షన్ అని ఒక ఏడు విశాఖ పెట్టాడు. తీరా చూస్తే అదే వారంలో అక్కడ పెదనాన్న కూతురి పెళ్ళి. పరీక్ష ముందు రోజు రాత్రి పందిట్లో భోజనాలు వడ్డించింది ఇతనే.

ఫలితాలు మార్చిలో వస్తాయి, ఉగాది చుట్టుపక్కల. బిష్టుపూర్ రామమందిరంలో శ్రీరామనవమి పానకం దగ్గర కనబడకపోతే ర్యాంకు ఎంతో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈలోగా జవాబుల కీ మీద అభ్యంతరాలు. ప్రశ్నకి అయిదువందలు కట్టి తప్పుందని వాదించొచ్చు. బాబు వాదిస్తాడు. ఒకసారి వాదన నెగ్గింది, ఆ ప్రశ్నకి అందరికీ మార్కు కలిపారు. "దేశమ్మీద ఈసీ పేపరు రాసినవాళ్ళందరికీ ఒక మార్కు నేనే ఇప్పించాను" అని చాలాకాలం తిరిగాడు. అందరికీ కలవడం వల్ల అతని ర్యాంకు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇక్కడే అసలు చిక్కు. ఫెయిలైతే ఎప్పుడో మానేసేవాడు. ఈసీలో జనరల్ వాళ్ళకి అర్హత మార్కు ఈమధ్య వందకి పాతికకీ ముప్ఫైకీ మధ్యే తిరుగుతోంది, మా బాబు అది ఏటా దాటుతాడు. కాబట్టి ఏటా క్వాలిఫైడ్. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. వయసు పరిమితి లేదు, ఇన్నిసార్లే రాయాలన్న నియమం లేదు. సివిల్స్ రాసేవాణ్ణి ఏదో ఒక రోజు యూపీఎస్సీయే చాలు నాయనా అంటుంది. గేట్ ఎవర్నీ పొమ్మనదు. ఇంత దయగల పరీక్ష మనిషిని ఎంతకాలమైనా అట్టే పెట్టుకుంటుంది.

అలాగని సీట్లు రాలేదా అంటే వచ్చాయి. ఖర్కాయి దాటితే ఆదిత్యపూర్‌లో ఎన్ఐటీ ఉంది, 1960లో ఆర్ఐటీగా పెట్టింది. "బ్రిడ్జి దాటితే కాలేజీ, మధ్యాన్నం అన్నానికి ఇంటికొచ్చేయొచ్చు, నెలకి 12,400 స్టైపెండు కూడానూ. చేరరాదా?" అని అమ్మ బతిమాలింది. బాబు ససేమిరా. చేరితే బెంగళూరు ఐఐఎస్‌సీలోనే చేరతాడట. ఈ ఇంటి కథలో నాకు నచ్చిన తమాషా ఇదే. జంషెట్‌జీ టాటా కన్న కలల్లో రెండింటి సంగతి ఇది, ఆ రెండూ పూర్తి కాకుండానే 1904లో పోయాడు. ఉక్కు కంపెనీ 1907లో పుట్టింది, ఐఐఎస్‌సీ 1909లో. మొదటి కల ఈ ఇంట్లో రెండు తరాలకి అన్నం పెట్టింది. రెండో కల మూడో తరాన్ని వెయిటింగ్ లిస్టులో పెట్టింది.

నాన్న చాలాకాలం కొడుకుతో బ్రాంచి గురించి తప్ప మాట్లాడలేదు. 2024 మార్చిలో ధోలేరాలో టాటావాళ్ళ చిప్పుల ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగిందనీ, 91,000 కోట్లనీ, అస్సాంలో జాగీరోడ్ దగ్గర 27,000 కోట్లతో ఇంకొకటనీ పేపర్లో చదివాక గొంతు మారింది. రిటైరైన స్నేహితుల మధ్య, "మా ఇనుం పని అయిపోయింది, ఇహ ఇసకలోంచి చిప్పులు తీస్తారట, అది మావాడి బ్రాంచే" అంటున్నాడు. బాబు కూడా చార్టులో అయిదో రంగు చేర్చాడు, వీఎల్ఎస్ఐకి.

ఇంత నవ్వాను గనక ఒక నిజం కూడా చెప్పాలి. పక్క లైనులో ఒక అమ్మాయి, బీటెక్ మూడో ఏడు. మూడో ఏడు వాళ్ళని కూడా ఇప్పుడు రాయనిస్తున్నారు. కంట్రోల్ సిస్టమ్స్ అర్థం కాలేదని నోట్సు పట్టుకొచ్చింది. బాబు వరండాలో కూర్చుని, కూలర్‌లో నీళ్ళ ట్యాంకు తేలేబంతిని చూపించి ఫీడ్‌బ్యాక్ అంటే ఏమిటో చెప్పాడు. వంటింట్లోంచి వింటున్న అమ్మకి కూడా అర్థమైంది. ఆ అమ్మాయికి ఐఐటీ సీటొచ్చింది. ఆ పిల్ల చెప్పగా ఉలియాన్ నుంచి ఇద్దరొచ్చారు, సోనారీ నుంచి ఒకడొచ్చాడు. వాళ్ళలో ఒకడికి పవర్‌గ్రిడ్‌లో ఉద్యోగం. లడ్డూల డబ్బా తెచ్చి కాళ్ళకి దణ్ణం పెడితే, బాబు డబ్బా అందుకుంటూ, "నలభై ఏడో ప్రశ్నకి ఏం పెట్టావ్?" అన్నాడు. వాడు చెప్పాడు. "అదే తప్పు" అన్నాడు బాబు తృప్తిగా.

నా ఉద్దేశంలో అతను విద్యార్థి కానేకాదు, కద్మాలో ఉన్న మంచి ఈసీఈ మాస్టారు. ఆ సంగతి అతనికి తప్ప అందరికీ తెలుసు. అంచేత తల్లిదండ్రులకి నాదొక విన్నపం. మీ పిల్లల్ని పంపండి. పంపేటప్పుడు ఊరికే పంపకండి, నెల మొదట్లో ఫీజు కవర్లో పెట్టి వాళ్ళమ్మ చేతికివ్వండి. అతనికిస్తే చార్టులు కొంటాడు. పంపేది మాత్రం బీ షిఫ్టులోనే, ఏ షిఫ్టులో అతను ఇంకా లేవడు.