పువ్వు పక్షాన ఏడవడం తేలిక

ఘంటసాల గొంతులో ‘పుష్పవిలాపం’ విని కళ్లు చెమర్చని తెలుగువాడు ఉంటాడా? పూజకని పూలు కోయబోయిన మనిషితో పూలే మొరపెట్టుకుంటాయి. అతను ఉత్త చేతులతో తిరిగొస్తాడు. ఏలూరులో చదువుకునే రోజుల్లో, అది రాసిన కరుణశ్రీ పద్యాలన్నీ నాకు కంఠతా వచ్చు. చవితి పందిట్లో ఎవరైనా ‘ఏదీ, ఓసారి పాడు బాబూ’ అంటే చాలు, ఘంటసాల తర్వాత నేనేనన్నంత గర్వం!

మా తరగతిలో ఒక కొల్లేటి లంక కుర్రాడు ఉండేవాడు. వానాకాలంలో ఊరి చుట్టూ నీళ్లొస్తే పడవలో గట్టుకు చేరి, అక్కణ్ణించి బస్సులో వచ్చేవాడు. క్యారియర్ నిండా కొరమేను పులుసు. పొడుగు కాళ్లు, సన్నని మెడ, ఎప్పుడూ చేపలే. అందుకని వాడికి ‘కొంగ’ అని పేరు పెట్టాను. వారం తిరక్కుండా వాడి అసలు పేరు అందరూ మరిచిపోయారు.

ఇక వార్షికోత్సవం రోజు చెప్పాలి. నన్ను పాడమని పిలిచారు, మెట్ల దగ్గర వాడు నించున్నాడు, నేను ముక్కు మూసుకుని ‘కొంగ వచ్చింది, కంపు, దూరం జరగండ్రా’ అన్నాను, అందరూ గొల్లుమన్నారు, వాడు నవ్వబోయి ఆగిపోయాడు, నేను గబగబా వేదికెక్కి కళ్లు మూసుకుని, పూల మెడలు కోసే మనిషి కసాయితనం గురించి గొంతు వణికిస్తూ పాడాను, హాలు హాలంతా కళ్లు తుడుచుకుంది! మర్నాటి నుంచి వాడు క్యారియర్ తేవడం మానేశాడు.

పాడినంతసేపూ నేను పువ్వునే అనుకున్నాను. కోసే చెయ్యి నాదేనని తట్టలేదు. కథ చదివినా, పాట విన్నా మనమంతా దెబ్బ తిన్నవాడి పక్కనే కూర్చుంటాం కదా!

కళ్లు తెరిపించింది మా ఏలూరులోనే పుట్టిన బుచ్చిబాబు. ఆయన నవల ‘చివరకు మిగిలేది’లో తల్లి గురించి లోకం అన్న మాటలు కథానాయకుడు దయానిధిని ఎక్కడికెళ్లినా వెంటాడతాయి. ‘ఎంత పాపిష్టి నోళ్లు!’ అని మండిపడుతూ చదువుతున్నవాణ్ణి ఠక్కున ఆగిపోయాను. వాటిలో ఒక నోరు నాది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చాలా ఏళ్లకు తాడేపల్లిగూడెం స్టేషన్‌లో ఆ లంక కుర్రాడు కనిపించాడు. తనే పలకరించి, టీ ఇప్పించి, పిల్లల గురించి అడిగాడు. క్షమించమనాలని నోటిదాకా వచ్చింది. కానీ నేనేం మాట్లాడానో తెలుసా? నా ఉద్యోగం, నా కొత్త ఇల్లు! రైలొచ్చింది, వాడు ఎక్కి వెళ్లిపోయాడు.

రామాయణంలో దశరథుడు చీకట్లో కుండ మునిగే చప్పుడు విని, ఏనుగనుకుని ముని కుమారుణ్ణి కొట్టాడు. కానీ ఆ రాత్రే నీళ్లకుండ పట్టుకుని, ఆ గుడ్డి తల్లిదండ్రుల దగ్గరికి తనే వెళ్లి, చంపింది తానేనని చెప్పుకున్నాడు. పశ్చాత్తాపమంటే అదీ. పుస్తకం ముందు కూర్చుని కన్నీళ్లు కార్చడం అందులో సగం కూడా కాదు.

ఇది చదువుతుంటే మీకూ ఎవరో ఒకరు గుర్తొచ్చే ఉంటారు. వాళ్లు ఏ ఊళ్లో ఉన్నా సరే, వెళ్లి ఆ ఒక్క మాటా చెప్పేయండి. నేనూ వాడి ఊరు కనుక్కుంటున్నాను.