ఓ గడువూ, రేపు రా

నా చిన్నప్పుడు మా మేడిపల్లిలో ఏ తలుపు చూసినా సుద్దముక్కతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. రాత్రిపూట దయ్యం వచ్చి, రాత చదువుకుని, సరే రేపొస్తా అని మర్లిపోయేదట. మర్నాడు వచ్చి మళ్లీ అదే చదివేదట. చదువొచ్చిన దయ్యమే గానీ, పాపం, క్యాలెండర్ తెలియదు. ఆ రాతలు వానలకు కొట్టుకుపోయాయనుకున్నాను. పోలేదు. పీఎఫ్ వాళ్ల తలుపెక్కాయి.

2022 నవంబర్ 4న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: అసలు జీతం మీద ఎక్కువ పింఛను కావాలనుకునే వాళ్లు నాలుగు నెలల్లో అడగండి. అంటే 2023 మార్చి 3 లోపు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు కిటికీ తెరిచేసరికే ఫిబ్రవరి చివరికొచ్చింది. అందుకని మే 3 అన్నారు. తర్వాత జూన్ 26. తర్వాత జూలై 11. అక్కడితో ఉద్యోగి వంతు ముగిసింది.

ఇక యజమాని వంతు. జీతాల లెక్కలు ఎక్కించడానికి సెప్టెంబర్ 30. కాలేదా, డిసెంబర్ 31. చలికి చేతులు కొంకర్లు పోయాయి కాబోలు, 2024 మే 31. ఎండలు ముదిరాయి కాబోలు, 2025 జనవరి 31. ఆ చివరి తేదీ ఇచ్చే నాటికి మూడు లక్షల పదివేలకు పైగా దరఖాస్తులు యజమానుల దగ్గరే పడున్నాయని సర్కారే చెప్పింది. దయ్యం కూడా ఇన్నిసార్లు తిరిగి ఉండదు.

మన దగ్గరే ఇట్లా అనుకోకండి. మా చిన్నమ్మ కొడుకు డాలస్‌లో ఓ చిన్న కంపెనీ లెక్కలు చూస్తాడు. అక్కడ ఉద్యోగుల రిటైర్మెంటు సొమ్ముకు ఏటా 5500 నంబరు ఫారం పెట్టాలి. లెక్క డిసెంబర్‌తో ముగిస్తే, జూలై 31 గడువు. కుదరకపోతే 5558 నంబరు ఫారం పెడితే చాలు, అక్టోబర్ 15 దాకా దిగులు లేదు.

"కారణమేం రాయాలె తమ్మీ?" అన్నాను.

"ఏం రాయొద్దన్నా. అడగరు."

నాకు కళ్లు తిరిగాయి. బడికి సెలవు చీటీ రాయాలన్నా మేం బతికున్న తాతను చంపేవాళ్లం! అయితే జూలై 31 దాటాక ఆ ఫారం చెల్లదట. ఆలస్యమైతే పన్నుల శాఖ ఒక్కటే రోజుకు 250 డాలర్ల దాకా పిండుతుంది. గడువు ఒక్కసారే జరుగుతుంది, జరిగాక అక్కడే కూర్చుంటుంది. మన గడువులాగా ఊరూరా తిరగదు.

నిజం చెప్పాలంటే మన పీఎఫ్‌లోనూ కదలని తేదీలున్నాయి. నెలనెలా చందా 15లోపు కట్టాలి. దానికి ఐదు రోజుల వెసులుబాటు ఉండేది, 2016లో అదీ తీసేశారు.

కానీ అన్నిటికన్నా మొండి తేదీ ఒకటుంది. మేడిపల్లి, కోరుట్ల, సిరిసిల్లలో బీడీలు చుట్టే ఏ ఆడామెను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది: 2014 ఫిబ్రవరి 28. ఆనాటికి పీఎఫ్ ఉంటేనే రాష్ట్ర సర్కారు ఇచ్చే బీడీ పింఛను. మార్చి 1న పేరెక్కినామె కూడా అదే చాట ముందేసుకుంది, అదే తునికాకు కత్తిరించింది, అదే తంబాకు దగ్గుతోంది. ఎన్నికల సభల్లో ఆ తేదీని జరుపుతామనే మాట మాత్రం చప్పట్ల మధ్య వినిపిస్తుంటుంది.

బీడీలు చుట్టిన మా పెద్దమ్మకు పీఎఫ్ పింఛను వస్తుంది. ఏటేటా తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి. మొన్న తోలుకుపోతే, కంప్యూటర్ ముందున్న పిల్లగాడు ఎర్రలైటు డబ్బా మీద బొటనవేలు పెట్టమన్నాడు. పెట్టింది. రాలేదు. కొంగుతో తుడిచి పెట్టింది. రాలేదు. కొబ్బరినూనె రాసి పెట్టింది. రాలేదు. నలభై ఏండ్లు దారం చుట్టి, ఆకు మూతులు మడిచిన వేలు అది. గీతలన్నీ చాటలోనే రాలిపోయాయి.

"వేలు సప్పగున్నదవ్వా, రేపు రా" అన్నాడు.

పెద్దమ్మ నా దిక్కు చూసింది. "రేపటికి మొలుస్తయా బిడ్డా?"

మూడో రోజు ఇంకోచోట ఫోన్లో ముఖం చూపించే పద్ధతి ఉందని తెలిసింది. ఫోన్ రెప్ప కొట్టమంది. ఈమె సిగ్గుపడింది. నేను బతిమాలాక కొట్టింది. ఒక్క రెప్పపాటులో ఏడాది బతుకు ఖాయమైంది. ఇంతా చేసి వచ్చేది వెయ్యి పైచిలుకు. 2014 సెప్టెంబర్‌లో కనీస పింఛను వెయ్యి అన్నారు. యజమానుల తేదీలన్నీ జరిగాయి, ఆ వెయ్యి జరగలేదు.

మీ ఇంట్లోనూ పీఎఫ్ పింఛను తీసుకునే పెద్దవాళ్లుంటే, బతికున్న కాగితం పోయినసారి ఏ రోజు ఇచ్చారో ఇవాళే చూడండి. ఇచ్చిన రోజు నుంచి ఏడాదే చెల్లుతుంది. నవంబరే కానక్కర్లేదు, ఎప్పుడైనా ఇవ్వొచ్చు. మా పెద్దమ్మ ఇంటి తలుపు మీద ఆ తేదీ సుద్దముక్కతో పెద్దగా రాసి వచ్చాను.