పడౌక్ కుర్చీకి రంగు వేయండి

పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారినా, అక్కడి మన తెలుగిళ్లలో పడౌక్ కొయ్య కుర్చీలు మాత్రం మారలేదు. అవే చెక్కుడు పూలు, అవే వంపు చేతులు, అదే వార్నిష్ మెరుపు.

1917లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో థియో వాన్ డూస్‌బర్గ్ 'డి స్టైల్' పత్రిక మొదలుపెట్టాడు. ఆ పత్రిక చుట్టూ చేరిన బృందంలోని చిత్రకారుడు మాండ్రియన్ నిలువు గీత, అడ్డ గీత, ఎరుపు, నీలం, పసుపులతో బొమ్మలు వేశాడు. ఉట్రెక్ట్‌లో వడ్రంగి కొడుకు రీట్‌వెల్డ్ 1918 ప్రాంతంలో ఒక కుర్చీ చేసి, 1923 ప్రాంతంలో దానికి ఆ రంగులే పూశాడు. అండమాన్‌లో ఇల్లు సర్దుకునేవారికి నేను చెప్పే దారి అదే.

1. మెత్త వేయకండి. నడుము నొప్పి పుడుతుందంటారు. ఒరగడానికి మంచం ఉంది. కుర్చీ మనిషిని మెలకువగా కూర్చోబెట్టాలి.

2. పడౌక్ కొయ్య కనబడకుండా రంగు వేయండి. మీ వడ్రంగి లబోదిబోమంటాడు. పడౌక్ మన ఎర్రచందనం, వేగిసల జాతిదే. ఆ ఎరుపు చూసి చుట్టాలు కొయ్య ధర అడుగుతారు తప్ప కుర్చీ రూపం చూడరు. బద్దలకు నలుపు, కూర్చునే పలకకు నీలం, వీపు ఆనే పలకకు ఎరుపు వేయండి.

3. అతుకు దాచకండి. రీట్‌వెల్డ్ అతుకులో మూడు బద్దలు ఒక మూలన కలుస్తాయి, కానీ ఏదీ మరోదాన్ని తొలుచుకుని లోపలికి పోదు. పక్కపక్కనే ఒరుసుకుంటూ దాటి, కాస్త ముందుకు పొడుచుకొస్తాయి. లోపలి చెక్క మేకులు వాటిని పట్టి ఉంచుతాయి. కోసిన కొనలకు పసుపు వేయండి. అవి మోకాలికి తగులుతాయని కోయించకండి. బద్ద ఎక్కడ ఆగిందో కంటికి తెలియాలి.

4. లావు దుంగలు కొనకండి. చాథం సామిల్లు 1883 నుంచీ ఉన్న ఊరు శ్రీ విజయపురం. ఒకే కొలత సన్న బద్దలు కోయించండి. యంత్రం కోసిన బద్దలతో తేలిగ్గా తయారయ్యే కుర్చీనే రీట్‌వెల్డ్ కోరుకున్నాడు.

5. మేడమీద గదుల మధ్య గోడలు కట్టకండి. 1924లో ట్రూస్ ష్రోడర్ అనే ఆవిడ, ముగ్గురు పిల్లలతో ఉండటానికి, రీట్‌వెల్డ్‌తో కలిసి ఉట్రెక్ట్‌లో ఇల్లు రూపొందించింది. పై అంతస్తులో పలకలు జరిపితే గదులు, తీస్తే ఒకే హాలు. 2000లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అత్తగారు వస్తే ఎలా అంటారా? పలక జరపండి. మాటలు వినబడతాయా? వినబడనివ్వండి. ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు దాచుకునే మాటలెందుకు?

6. వానకు జంకకండి. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోట రంగు పెచ్చులూడుతుంది. ఊడితే మళ్లీ వేయండి. సంక్రాంతికి ఇంటికి వెల్ల వేస్తాం కదా, అప్పుడే కుర్చీకీ వేయండి.

బొమ్మ గోడకే పరిమితం కానక్కర్లేదని, మనం కూర్చునే చోటుకీ పడుకునే గదికీ రావచ్చని ఆ డచ్చివాళ్లు చేసి చూపించారు. ఇంటినంతా ఒక్కసారే మార్చలేకపోతే ఒక్క కుర్చీతో మొదలుపెట్టండి. పూల చెక్కుడు సోఫాకు ఇచ్చిన బయానా మాత్రం ఈరోజే వెనక్కి తీసుకోండి.