అండమాన్ నీళ్ళలో చెయ్యి ఊరుకోనివారికి కొన్ని సూచనలు

అండమాన్ వెళ్ళినవాళ్ళు రెండు పనులు చేయకుండా తిరిగిరారు: సెల్యులర్ జైలు ముందు ఫొటో, హావ్‌లాక్‌లో స్నార్కెలింగ్. (2018లో ఆ దీవి పేరు స్వరాజ్ ద్వీప్ అయింది, టికెట్ అడిగేవాళ్ళ నాలుక మాత్రం ఇంకా హావ్‌లాక్ దగ్గరే ఉంది.) ఎలిఫెంట్ బీచ్‌లో కళ్ళకు అద్దాలు, నోట్లో గొట్టం పెట్టుకుని మొహం నీళ్ళలో ముంచేదాకా అంతా సవ్యమే. ఆ తర్వాతే చెయ్యి దురద మొదలవుతుంది. కొనని చీరనైనా నలిపి చూసే చెయ్యి అది, అంత తేలిగ్గా ఊరుకోదు. ఈ సూచనలు రాసే చెయ్యీ ఆ జాతిదే.

మొదటి సూచన: భయాన్ని అక్కర్లేని చోటే ఖర్చు పెట్టేయాలి. మీటరున్నర పొడవున్న నల్లమొన షార్క్ కనిపిస్తే బీచంతా వినిపించేలా అరవాలి. అది మామూలుగా మనిషిని చూడగానే తప్పుకుపోయే రకం. కాబట్టి ఎవరు ముందు పారిపోతారో చూడటం మంచి వినోదం. నలుపు, నీలిబూడిద పట్టీల సముద్రపు కట్లపాము కనిపించినా అంతే. విషం మహా తీక్షణం, కానీ పట్టుకుని పీడిస్తే తప్ప కరవడం అరుదు.

రెండోది: తాబేలు పైకి తేలగానే పదిమందీ చుట్టుముట్టాలి. అది ఊపిరి పీల్చుకోవడానికి వచ్చిందన్న విషయం ఆల్బమ్‌లో కనపడదు.

ట్రిగ్గర్ చేప గుడ్లు కాస్తూ మీదికొస్తే నిలువునా పైకి లేవాలి. దాని ఇలాకా గరాటులా పైకి పోయేకొద్దీ విశాలమవుతుంది కనుక పిక్క మీద ఓ కాటు గ్యారంటీ. అది ఇష్టం లేని పిరికివాళ్ళు పక్కకు ఈదుతారు.

అలసిపోతే పగడం మీద నిలబడాలి. చూడటానికి బండలాగే ఉంటుంది. గుండ్రటి పగడపు బండలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరగవు. ఒక్క ఫొటో కోసం నిలబడిన పాదం కింద కొన్నేళ్ళ పెరుగుదల నలుగుతుంది.

మొసలి బోర్డు కనిపిస్తే "ఏం కాదులే" అనాలి. ఇక్కడ మాత్రం వెటకారానికి నోరు పెగలదు. 2010లో ఇదే హావ్‌లాక్‌లో, రాధానగర్ బీచ్ దాపున స్నార్కెలింగ్ చేస్తున్న అమెరికన్ యువతిని ఉప్పునీటి మొసలి చంపేసింది. మడ అడవుల వాగుల్లో ఉండే మొసలికి సముద్రంలో ఈది బీచ్‌కి రావడం పెద్ద పనేం కాదు. బోర్డు అలంకారానికి పెట్టరు.

ఇక అసలు కళ, గవ్వలేరడం. షార్క్‌ని చూసి అరిచిన మనిషే అరచేతిలో గవ్వ పెట్టుకుని మురిసిపోతాడు. ఏరేటప్పుడు శంకు ఆకారంలో, వల నేసినట్టు ముగ్గులున్నదాన్నే ఎంచుకోవాలి, అందగత్తె అదే. లోపల నత్త బతికే ఉంటే మరీ మంచిది. దాని పన్ను బోలుగా, బల్లెంలా ఉంటుంది. దాన్ని విసిరి ఎరను కదలకుండా చేసి మింగుతుంది. ఈ కుటుంబంలోని కొన్ని జాతులు మనుషులను కూడా చంపాయి, విరుగుడు మందు లేదు. ఈ కుటుంబంలోనే ఒక జాతి విషంలోని పదార్థాన్ని అనుసరించి చేసిన నొప్పి మందుకు 2004లో అమెరికాలో అనుమతి దొరికింది. అంత విద్య నేర్చిన ప్రాణిని షోకేసులో టీవీ పక్కన నిలబెట్టాలని మనిషికి ఎందుకనిపిస్తుందో ఆ నత్తకు తెలిసే వీల్లేదు. మనిషికీ సరిగ్గా తెలియదు.

ఖాళీ గవ్వ అయితే పాపం లేదనుకునేవాళ్ళకు చివరి సూచన: అందులో కాపురం పెట్టడానికి సన్యాసి పీత వెతుక్కుంటూ ఉంటుంది, దాన్ని నిరాశపరచాలి. పక్కనే పడి ఉన్న పగడం ముక్కను కూడా తువ్వాలులో చుట్టి సూట్‌కేసులో పెట్టాలి. విమానాశ్రయంలో స్కానర్ ముందు "ఇది ఉత్త రాయండీ" అని వాదించవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మాత్రం రాతి పగడాలను మొదటి షెడ్యూలులో పెట్టింది. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే.